తిరగలి మీద మేఘాలు

తొంభైల చివర్లో మామిడికుదురు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. బడి వెనక వీధిలో, ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో వీధివైపు గది అద్దెకు దొరికింది. వాళ్ళది కొబ్బరితోటలున్న కుటుంబం. మేము రాజోలు అవతలివాళ్ళం, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం. మా తాతగారు ఇలాంటి తోటల్లోనే కూలికి వెళ్ళేవారు. ఆ సంగతి ఆవిడ మొదటిరోజే, ఎంతో మర్యాదగా నా ఇంటిపేరు అడిగి తెలుసుకుంది.

మర్యాదకి ఎప్పుడూ లోటు లేదు. "టీచరమ్మగారూ, భోంచేసేరా అండీ?" అని రోజూ అడిగేది. కూర కూడా ఇచ్చేది, నా గిన్నెలోకి పైనుంచి వంపి. సాయంత్రాలు అరుగు మీద ఆ చివర ఆవిడ, ఈ చివర నేను. బడి వదిలాక ఆ ఊళ్ళో నాతో మాట్లాడే మనిషి ఆవిడ ఒక్కర్తే. ఆవిడ ఊరెళ్ళిన రోజున గదిలో గోడకి పాఠం చెప్పుకునేదాన్ని. నవ్వితే నవ్వండి, నిజం అదే.

ఒకసారి తొమ్మిదో తరగతికి గాలులు, మేఘాల పాఠం వచ్చింది. గ్రహం తిరిగే వేగాన్ని బట్టి మేఘాల తీరు మారుతుందని చెబితే పిల్లలు ఆవలించారు. నాకు ఒళ్ళు మండి, చేసి చూపిద్దామనుకున్నాను. ముందు ఇంట్లో ప్రయత్నించాలి. కుదుపు లేకుండా తిరిగేది ఆవిడ ఇంటి వెనక వసారాలోని తిరగలి ఒక్కటే. జంకుతూనే అడిగాను.

"ఆయ్, దానికేముందండీ, దొడ్డిదారిన వచ్చేయండి" అంది.

ఓడలరేవు నుంచి చేపలు తెచ్చే మనిషి దగ్గర ఐసుముక్క తీసుకున్నాను. తిరగలి పిడికి తగలకుండా చిన్న పళ్ళెం పెట్టి, మధ్యలో ఐసు గ్లాసు ఉంచాను. అది ధ్రువం. చుట్టూ పోసిన వేడినీళ్ళు మన ఎండ దేశాలు. కానీ తిప్పుతూ సిరా చుక్కలు వెయ్యడం ఒక్కరి వల్ల కాలేదు. నీళ్ళన్నీ ఒలకబోశాను.

"ఉండండి, నే తిప్పుతాను" అని ఆవిడే ఎదురుగా చతికిలబడింది.

మెల్లగా తిప్పితే సిరా గ్లాసు చుట్టూ నునుపుగా సాగింది. "మెల్లగా తిరిగే గ్రహం మీద గాలి వేడిని తిన్నగా మోసుకెళ్ళి చలిచోట పోస్తుందండి. ఇక్కడికీ అక్కడికీ తేడా తగ్గిపోతుంది. శుక్రుడు మరీ మెల్లగా తిరుగుతాడు. ఎటు చూసినా ఒకటే మబ్బు, ఒకటే ఉక్క. ఋతువులే తెలీవు" అన్నాను.

"అయ్యో, మరి ఊడ్పులు ఎప్పుడు చేస్తారండీ?" అంది ఆవిడ. ఇద్దరం పడీపడీ నవ్వాం.

వేగం పెంచమన్నాను. సిరా వంకర్లు పోయి, మెలికలు పడి, చుట్టలు చుట్టింది. "తుఫాను సుడండీ!" అని ఆవిడ కేకేసింది. అలిసిపోతోందని నేనూ పిడి పట్టుకున్నాను. నా చెయ్యి ఆవిడ చేతి మీద పడింది. ఆవిడ తీసెయ్యలేదు. అలాగే చాలాసేపు తిప్పాం. ఆ ఊరొచ్చాక నేను కడుపునిండా అన్నం తిన్నది ఆరోజే.

మర్నాడు పొద్దున నూతి దగ్గరికి వెళ్తే ఆవిడ తిరగలి రాళ్ళు రెండూ విడదీసి పసుపునీళ్ళతో కడుగుతోంది. నన్ను చూసి ఆగింది.

"ఏమనుకోకండి టీచరమ్మగారూ. చేపల ఐసు కదండీ, అందుకని..."

"ఆయ్" అన్నాను.

గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. ఆవిడ చేపలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ వారమే ఆవిడ వండిన పులుసు నేనూ తిన్నాను. కోపంతో పెట్టె తీసి బట్టలన్నీ సర్దాను. ఇంకో ఇల్లు అడిగితే అక్కడా ముందు ఇంటిపేరే అడుగుతారు కదా అనిపించి, మళ్ళీ తీసి దండెం మీద వేశాను. బళ్ళో బోర్డు మీద బొమ్మ గీసి పాఠం అయిందనిపించాను.

సాయంత్రం ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చుంది. నన్ను పిలవలేదు. కిటికీలోంచి చూస్తూ పళ్ళు బిగపట్టి ఉన్నాను. చీకటి పడే వేళకి ఇక ఉండలేకపోయాను. వెళ్ళి కూర్చుని, ముందు నేనే పలకరించాను.