వెనక ఎడమ సీటు

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. పిల్లలెవరైనా దెయ్యం కథ మొదలుపెడితే, ఏ రోజు, ఎంత దూరంలో, ఎవరు చూశారని అడిగేదాన్ని. మూడో ప్రశ్నకు కథ ఆగిపోయేది. ఈ సంగతిలో మూడింటికీ నా దగ్గర జవాబులున్నాయి. అందుకే రాస్తున్నాను.

మాది మైపాడు. ఇంటి చుట్టూ రొయ్యల గుంటలు. గుంట ఎండగట్టినప్పుడు లేచే కుళ్లు వాసన తినే అన్నంలో కూడా తగులుతుంది. ముప్పై ఏళ్లుగా అది నాకు అసహ్యం. నా వాటా గుంటలు అమ్మినప్పుడు ఖరీదైన ఎలక్ట్రిక్ కారు కొన్నాను. పెట్రోలు వాసన లేదు, పొగ లేదు. మీగడ రంగు తోలు సీట్లు. తలుపు వేస్తే బయటి గాలి లోపలికి రాదు. నాకు కావలసింది అదొక్కటే.

కారు తిరిగిన కిలోమీటర్లు, బ్యాటరీ శాతం, ఎక్కిన మనుషులు ఎందరో రోజూ సాయంత్రం నోటు పుస్తకంలో రాస్తాను. తాళం నా బీరువాలో ఉంటుంది. డ్రైవరు ప్రభుదాసు యాభై దాటిన మనిషి, మా చర్చివాడే. అతని భార్య కరుణమ్మ గంపలో చేపలు తీసుకుపోయి నెల్లూరులో అమ్ముతుంది. శుక్రవారం శుక్రవారం మోకాలి వైద్యానికి ప్రభుదాసు నన్ను నెల్లూరు తీసుకుపోయేవాడు.

కారు కొన్నాక ఐదో శుక్రవారం. ఊరు దాటి, ఆటోలు ఆగే మలుపు దగ్గరికి రాగానే కారు మోగడం మొదలుపెట్టింది. వెనక ఎడమ సీటులో ఉన్నవారు బెల్టు పెట్టుకోలేదని తెర మీద వచ్చింది. నేను వెనక కుడి వైపు కూర్చున్నాను, బెల్టు పెట్టుకునే. ఎడమ సీటు ఖాళీ. ఆ వెంటనే వాసన. చేపల గంప అడుగున కారే నీళ్లు ఎండలో మగ్గితే వచ్చే వాసన. అద్దం దించినా పోలేదు. ఆసుపత్రి గేటు దగ్గర మోత ఆగింది. వాసన ఆగలేదు.

తర్వాతి రెండు శుక్రవారాలూ అదే వరస. ప్రభుదాసు నాకు తెలియకుండా భార్య గంపను కారులో చేరవేస్తున్నాడని తేల్చుకున్నాను. పుస్తకంలో ఒక్క కిలోమీటరు తేడా లేదు. జీవితమంతా లెక్కను నమ్మినదాన్ని, ఆ రోజు ముక్కును నమ్మాను.

"బైబిలు మీద చెయ్యి పెట్టమన్నా పెడతాను టీచరమ్మా. మా ఆడమనిషి ఈ కారు తలుపు కూడా తాకలేదు," అన్నాడు ప్రభుదాసు, నేను నిలదీస్తే.

"మరి ఈ కంపు ఎవరిది? నాదా?" అన్నాను.

తాళం అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆదివారం చర్చిలో నలుగురి ముందూ అతన్ని దొంగ అన్నాను. కృష్ణపట్నం పోర్టులో బండి తోలే పని అడగబోతే, ఆ మాట అతనికంటే ముందే అక్కడికి చేరిందట.

ఈ కారుకు నెల్లూరులో సర్వీసు లేదు. అద్దె డ్రైవరును పెట్టుకొని చెన్నై వెళ్లాను. రెండు రోజులు ఉంచుకొని ఏసీ ఫిల్టరు మార్చారు, సీటులో బరువు తెలుసుకునే సెన్సరు కొత్తది వేశారు. సీటు విప్పిన మెకానిక్ లోపల తుడిచిన తెల్ల గుడ్డ తెచ్చి చూపించాడు. దాని మీద జిగురు, ఏడు చేప పొలుసులు.

"పాత సెన్సరు బాగానే ఉందమ్మా. బరువు పడింది కాబట్టి మోగింది," అన్నాడు.

బయటికి పోయి వాంతి చేసుకున్నాను.

మరుసటి శుక్రవారం అద్దె డ్రైవరే తోలాడు. అదే మలుపులో కొత్త సెన్సరూ మోగింది. అదే వాసన.

అప్పుడు గుర్తొచ్చింది. కారు కొన్న మొదటి శుక్రవారం ఆ మలుపులోనే ఒకామె గంప పక్కన పెట్టుకొని చెయ్యి ఎత్తింది. ప్రభుదాసు నెమ్మది చేశాడు. "ఆపొద్దు, సీటు కంపు కొడుతుంది," అన్నాను. ఆమె కరుణమ్మ అని నాకు తెలుసు. అతను తన భార్యను దాటుకుంటూ తోలాడు. ఆ రోజు కిలోమీటర్లు రాశాను. ఇది రాయలేదు.

ఆమెకేమైనా అయిందేమోనని ఆ సాయంత్రం భయపడుతూనే వాళ్లింటికి వెళ్లాను. కరుణమ్మ నిక్షేపంగా ఉంది. వాకిట్లో ఎండుచేపలు ఎత్తుతోంది. ప్రభుదాసును పనికి రమ్మన్నాను.

"వస్తాను. నన్ను దొంగన్నది చర్చిలో గదా, కాదని కూడా ఆడనే చెప్పండి," అన్నాడు.

ఆదివారం లేచి నిలబడి చెప్పాను. నా మీద నాకే రోత పుట్టింది.

శుక్రవారం మళ్లీ ప్రభుదాసే తోలాడు. ఆ మలుపులో ఆటో కోసం నిలబడ్డ కరుణమ్మ దగ్గర కారు ఆపించి, "ఎక్కు కరుణమ్మా, గంపతోనే ఎక్కు," అన్నాను. ఆమె వంగి ఎడమ అద్దంలోంచి లోపలికి చూసింది.

"యాడ ఎక్కేది టీచరమ్మా? ఆడ కూర్చోనుండారు గదా," అని గంప ఎత్తుకొని ఆటో వైపు పోయింది.

ఎగతాళికి అన్నదో, చూసే అన్నదో నాకు ఈనాటికీ తెలియదు. ప్రభుదాసు వెనక్కి తిరగలేదు. కారు మోగడం మొదలైంది. చెయ్యి చాపి ఖాళీ సీటుకు బెల్టు పెట్టాను. మోత ఆగింది. బెల్టు తడిగా ఉంది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం అలాగే పెడుతున్నాను. పుస్తకంలో ఇలా రాస్తాను: పోను రాను నలభై ఎనిమిది కిలోమీటర్లు. మనుషులు ఇద్దరు. బెల్టులు మూడు.

ఆ లెక్క నాకు ఇంతవరకు కుదరలేదు.