బావ జీపు, ఇరుక్కుపోయిన బుష్

హాజరైనవాళ్ళు: అక్క, నేను, పాత ఇనుము కొనే ఆయన. ఉన్న వస్తువులు: జీపు చాసిస్ ఒకటి, గాలి లేని టైర్లు మూడు, పెట్రోలు ఇంజను ఒకటి, డీజిలు ఇంజను ఒకటి, దానికి అతుక్కునే ఉన్న గేరుబాక్సు ఒకటి, మూత పోయిన పానాల డబ్బా ఒకటి, ఆ డబ్బా అడుగున నా చేతిరాతతో ఉన్న పొడుగు నోటుపుస్తకం ఒకటి. పోయిన నెలలో అక్క రెండు బర్రెలను కొని, వాటిని కట్టేయడానికి రేకుల షెడ్డు ఖాళీ చేయాలని నన్ను పిలిపించింది. నాకిప్పుడు ముప్ఫై మూడేళ్ళు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని మీరనవచ్చు గాని, కార్బురేటరు విప్పి నోటితో ఊది బాగుచేసుకున్న చివరి తరం మనదే గనుక, ఈ ఒక్క విషయంలో మనం ముసలివాళ్ళమే.

ఆ నోటుపుస్తకం రాసేనాటికి నేను వనపర్తిలో పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇటిక్యాల దగ్గర అక్కవాళ్ళ ఊరికి ఏదో ఒక సాకుతో వచ్చి వాలేవాణ్ణి, అసలు కారణం మాత్రం బావ, బావ జీపు. బావ ఏడో తరగతి దాటలేదు. ప్రతి ఏటా దసరా కాగానే మేస్త్రీ లారీ ఎక్కి పుణె వైపు కట్టడాల పనికి వెళ్ళి, మళ్ళీ ఉగాదికి తిరిగి వచ్చేవాడు. అక్కడ కాంక్రీటు కలిపే యంత్రాలు చెడిపోయినప్పుడు పక్కన నిలబడి చూసి చూసి యంత్రాల పని నేర్చుకున్నాడు. ఆ ఏడాది ఉగాదికి ఆయన ఇంటికి వచ్చినప్పుడు మూడేళ్ళ కూతురు ధాన్యం పోసే గుమ్మి వెనక దాక్కుని రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు వచ్చి, ఈ మామ ఎప్పుడు పోతడని అక్కను అడిగింది. ఆ మాట విన్నాక బావ ఇక పుణె పోనని తేల్చేశాడు.

పోకుండా ఉండాలంటే జీపు నడవాలి. విత్తన పత్తి చేలల్లో పూలు క్రాసింగు చేసే ఆడవాళ్ళను వడ్డేపల్లి దాకా తీసుకెళ్ళి తేవడం, సంత రోజున జనాన్ని పెబ్బేరు చేర్చడం, ఇవి ఇంటి దగ్గరే దొరికే పనులే గాని, జీపులో ఉన్న పెట్రోలు ఇంజను పదిమంది ఎక్కితే మిట్ట ఎక్కలేక మధ్యలోనే దగ్గి ఆగిపోయేది. అందుకని ఏదో విప్పేసిన బండిలోంచి ఒక డీజిలు ఇంజను సంపాదించి, దాన్ని మేమే బిగించాలనుకున్నాం. దసరాలోగా జీపు లేస్తే బావ ఇంట్లో ఉంటాడు, లేవకపోతే లారీ ఎక్కుతాడు. నేను పనులన్నిటినీ వరుసగా రాసి, పక్కన కొలతలకు గడులు గీశాను. మొత్తం ఇరవై ఆరు వరుసలు వచ్చాయి.

పన్నెండో వరుసదాకా సాఫీగా సాగింది. పదమూడో దగ్గర ఆగింది. ఇంజను వెనుక ఫ్లైవీల్ అనే పెద్ద ఇనుప చక్రం ఉంటుందని మీకు తెలుసు. దాని నడిమధ్యన బొటనవేలు పట్టేంత గూడులో ఇత్తడి గాజులాంటి చిన్న బుష్ ఒకటి బిర్రుగా కూర్చుని ఉంటుంది. గేరుబాక్సు నుంచి వచ్చే కడ్డీ కొన అందులో ఆనుకుని తిరుగుతుంది. డీజిలు ఇంజనులో ఉన్న బుష్ మా గేరుబాక్సు కడ్డీకి సరిపడేది కాదు. పాతది తీసి, మా కడ్డీ పట్టే కొత్తది వేయాలి. పాతది రాలేదు. కిరసనాయిలు పోసి ఒక రాత్రంతా నానబెట్టాం. వంపు కొక్కెం వేసి లాగాం. మంట చూపించాం. అది తను పుట్టినచోటే పోతానన్నట్టు పట్టుకుని కూర్చుంది.

మరునాడు పొద్దున బావ, నేనిచ్చిన కొలత ప్రకారం లేతు మిషను మీద కొత్త బుష్ చేయించడానికి గద్వాల బయలుదేరుతూ, గడపలో ఆగి మరీ చెప్పాడు: "నేనొచ్చేదాంక దాని జోలికి పోకు బామ్మర్దీ. జర ఆగు. ఆగితే ఏం పోదు."

నేను ఆగలేదు. ఆగకపోవడానికి కారణాలు నేనిప్పుడు చాలా చెప్పగలను గాని, ఉన్నది ఒకటే: ఆయన వచ్చేసరికి ఆ బుష్ నా అరచేతిలో ఉండాలనుకున్నాను. సన్న ఉలి తీసుకుని బుష్‌కూ గూడుకూ మధ్య పెట్టి సుత్తితో కొట్టాను. నాలుగో దెబ్బకు ఉలి జారి గూడు గోడలోకి దిగింది. బుష్ కదలలేదు. ఉలిని తుడిచి, అది ఎప్పుడూ ఉండే చోటే పెట్టేశాను.

మధ్యాహ్నం బావ వచ్చేసరికి అక్క జొన్న సంగటి వడ్డించింది. ఆయన కాళ్ళు కడుక్కుని కూర్చుని, రాలేదా అని అడిగాడు. రాలేదన్నాను. పళ్ళెంలోంచి రెండు ముద్దలు తీసుకుని లేచి షెడ్డులోకి నడుస్తుంటే అక్క వెనకనుంచి అందుకుంది: "తినేదాన్ని తీస్కపోయి ఇంజన్ల కుక్కుతవా? సిగ్గు గిట్ల ఏమన్న ఉన్నదా నీకు?"

"అది గూడ పొద్దటి సంది ఆకలి మీదున్నది," అన్నాడు బావ. "పెట్టంది పని ఎట్ల చేస్తది?"

బుష్ రంధ్రంలోంచి సంగటిని వేలితో లోపలికి కుక్కి కుక్కి నింపాడు. ఆ రంధ్రానికి సరిగ్గా పట్టే పాత కడ్డీ ముక్క పెట్టి సుత్తితో కొట్టాడు. కడ్డీ లోపలికి దిగేకొద్దీ సంగటికి పోయే దారి లేక బుష్ వెనక చేరి దాన్ని బయటికి నెట్టడం మొదలుపెట్టింది. తొమ్మిదో దెబ్బకు బుష్ జారి నేల మీద పడింది. మూసిన చోట నొక్కితే ఒత్తిడి అన్ని వైపులకూ పాకుతుందన్న ఆ సూత్రం నిర్వచనాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. అది చేతికి వచ్చినవాడు బావ.

"రాస్కో ఇంజనీరు సాబ్," అన్నాడు. "మందు సంగటి. మోతాదు రెండు ముద్దలు."

నవ్వుతూ రాశాను. పదమూడో వరుసలో ఇప్పటికీ అలాగే ఉంది: సంగటి, రెండు ముద్దలు, తొమ్మిది దెబ్బలు.

నువ్వు తినిరా, నేను తుడుస్తానని ఆయన్ను లోపలికి పంపాను. గుడ్డతో సంగటి తీసేసి వేలు పెట్టి చూస్తే, ఉలి దిగిన చోట గోరంత గాటు, దాని పక్కన లేచిన పొర తగిలాయి. ఆ పొర అలాగే ఉంటే కొత్త బుష్ ఎక్కదు, బావ చూస్తాడు. గుండ్రటి ఆకురాయి తీసుకుని రుద్దాను. కావలసినంత రుద్ది ఆపలేదు, గాటు కనబడకుండా పోయేదాకా రుద్దాను. పద్నాలుగో వరుస, గూడు లోపలి కొలత. కొలత తీసే వెర్నియరు నా చొక్కా జేబులోనే ఉంది. తీయలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి పదిహేనో వరుసకు వెళ్ళాను.

కొత్త బుష్‌ను చెక్క ఆనించి కొట్టి ఎక్కించాలి. బావ సుత్తి అందుకోబోతూ ఊరికే బొటనవేలితో నొక్కి చూస్తే అది తిన్నగా లోపలికి వెళ్ళి కూర్చుంది.

"గింత అల్కగ ఎట్ల కూసుంది?"

"గ్రీజు పూసిన గద బావా."

ఆయన కాసేపు ఆ గూడు వైపు చూసి, మంచిది తియ్యి అన్నాడు.

జీపు లేచింది. దసరాకు మూడు రోజుల ముందు, కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని ఊరంతా తిప్పాడు. పండగ కాగానే మేస్త్రీ వచ్చి ఇంటి ముందు నిలబడితే బావ బయటికి వచ్చి, "ఈసారికి నన్ను ఇడిచిపెట్టు మేస్త్రీ. నా బిడ్డ నన్ను ఇప్పుడిప్పుడే గుర్తుపడ్తున్నది," అన్నాడట. లారీ ఆయన లేకుండానే వెళ్ళిపోయింది. అప్పటికే నేను వనపర్తి చేరుకున్నాను.

లారీ వెళ్ళిన పదకొండో రోజు పెబ్బేరు సంత నుంచి వస్తుండగా గేరుబాక్సులోంచి మొదట సన్నగా, తర్వాత గట్టిగా కూత మొదలై, జీపు రోడ్డు మీదే నిలిచిపోయింది. బిర్రుగా ఉండవలసిన బుష్ గూడులో తిరగడం మొదలుపెడితే కడ్డీ ఊగుతుంది, ఊగిన కడ్డీ బేరింగును తింటుంది. ట్రాక్టరుకు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. నేను ఫోను చేస్తే, "పాతది బామ్మర్దీ, దాని ఆయువు గంతే. నువ్వు సదువుకో," అన్నాడు. తర్వాతి వారం మేస్త్రీ లారీ లేదు గనుక, ఒక్కడే గద్వాలలో బస్సెక్కి రాయచూరు వెళ్ళి, అక్కడ రైలెక్కాడు.

ఆ తర్వాత పన్నెండేళ్ళు ఏటా వెళ్ళాడు. ప్రతి ఉగాదికీ చెబుదామనుకునేవాణ్ణి. పచ్చడి తిన్నాక చెబుదామని, ఊళ్ళో పని చూసుకుని వచ్చాక చెబుదామని, బస్సు దాకా నన్ను సాగనంపేటప్పుడు చెబుదామని. మూడేళ్ళ క్రితం ఒక పొద్దున పుణెలో పని దగ్గరే గుండె పట్టుకుని కూలబడి మళ్ళీ లేవలేదు. ఇంటికి తెచ్చారు. ఆయన కూతురు అప్పుడు పదో తరగతి. నాన్నతో కలిసి ఉన్న నెలలు లెక్కపెట్టుకుంటే తన వయసులో సగమే తేలిందని ఆ పిల్ల నాతో అంది.

పోయిన నెల షెడ్డులో, పాత ఇనుము ఆయన బోల్టులు విప్పి గేరుబాక్సును వెనక్కి లాగాడు. నేను చూడకూడదనుకుంటూనే వంగి చూశాను. బుష్ అక్కడే ఉంది. రెండు వేళ్ళతో పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. దానితో పాటు, దాని చుట్టూ తిప్పి ఉన్న సన్నటి రేకు ముక్క కూడా వచ్చింది. అది నేను పెట్టింది కాదు. కత్తెరతో తిన్నగా కోసి, అంచులు నూరి, కొస కొసకు కలిసేలా చుట్టిన రేకు. ఒక పక్క ఇంకా గులాబీ రంగు ఉంది.

అక్క దాన్ని నా చేతిలోంచి తీసుకుని వెలుగులోకి తిప్పింది. "గిది నా పౌడరు డబ్బా రేకు గాదు? జీపు ఆగినంక వచ్చిన ఉగాదికి దానికోసం ఇల్లంత ఎతికిన. నీ బావనడిగితే ఎలక ఎత్కపోయిందన్నడు. ఎలక పౌడరేం జేస్కుంటదంటే, దానింట్ల పెండ్లున్నదేమో అన్నడు."

అంటే ఆ ఉగాదికి వచ్చినప్పుడు ఆయన ఒక్కడే ఇదంతా విప్పాడు. ఆకురాయి గీతలు చూశాడు. చూసినవాడికి అవి ఎవరివో, ఎప్పటివో అడగక్కర్లేదు. వదులైన చోట రేకు చుట్టి మళ్ళీ బిగించి చూశాడు. జీపు మళ్ళీ రోడ్డెక్కలేదంటే అది నిలవలేదు. నా నోటుపుస్తకం తీసి పానాల డబ్బాలో దాచాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అక్కకు అక్కడే అంతా చెప్పాను, ఉలి, ఆకురాయి, గ్రీజు అబద్ధం అన్నీ. ఆమె రేకును చీర కొంగుతో తుడుస్తూ విన్నది. "ఆయనకు తెల్సినంక నాకు తెల్సి ఏం జేస్త తమ్మీ," అని, "జర పక్కకు జరుగు, తూకం పెడ్తడట," అంది. రేకు నాకిచ్చేసింది.

నేనిప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒక వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. ఇప్పటి ఇంజన్లలో ఏం చెడిందో కంప్యూటరే చెబుతుంది. ఇరుక్కున్నదాన్ని లాగే యంత్రం ఉంది. అది కూడా లాగలేకపోతే మొత్తం తీసి కొత్తది వేస్తాం. అన్నం తింటూ ఆలోచించి, పళ్ళెంలోంచి మందు తీసేవాళ్ళు మా దగ్గర లేరు. కొత్తగా చేరినవాళ్ళకు నేను నేర్పేది ఒక్కటే, జర ఆగమని. అది ఎవరి మాటో వాళ్ళకు చెప్పను. లారీలకు బదులు ఇప్పుడు ఏసీ బస్సులొచ్చాయి, దసరా తర్వాత ఊళ్ళు మాత్రం అలాగే ఖాళీ అవుతున్నాయి.

ఆ సాయంత్రం సంచిలోంచి వెర్నియరు తీసి రేకు మందం, అంటే గూడులో నేను ఎక్కువ రుద్దినంత, కొలిచాను. నోటుపుస్తకంలో పద్నాలుగో వరుస గడి నింపాను. 0.3 మిల్లీమీటర్లు.