కోన దారిలో ఏడిళ్ల బియ్యం

ఆ దారిని రోడ్డు అని కాగితం మీద రాసినవాడెవడో నాకు ఒక్కసారి కనబడితే బాగుండు. కొట్టను, తిట్టను. నా చిన్న కారులో కూర్చోబెట్టి, పక్కన మా మేనత్తను కూర్చోబెట్టి, కోన దాకా తీసుకుపోతాను. అంతకు మించిన శిక్ష నాకు తోచడం లేదు.

ఆ రోజు తమిళుల లెక్కన వచ్చే పెరటాసి నెలలో మూడో శనివారం. మా తిరుపతి, చిత్తూరు వైపు ఈ నెల శనివారాల్లో పొద్దున్నే ఇల్లు కడిగి, ఒక్కపొద్దు ఉండి, అన్నం, కూర, వడ, పాయసం అన్నీ ఆకులో పోసి వెంకటేశ్వరస్వామికి తళిగ వేస్తారు. తళిగ వేసి గోవింద కొట్టేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. మా ఇంట్లో ఇంకో పట్టింపు కూడా ఉంది. తళిగకు సొంత బియ్యం పనికిరావు. ఎంత ఉన్నవాళ్లయినా నామం పెట్టిన చెంబు పట్టుకుని, చెప్పులు లేకుండా, నలుగురి వాకిళ్లలో నిలబడి గోవిందా అని అడుక్కుని తేవాలి.

మాకు ఆ ఏడు తళిగ ఇంట్లో కాదు, కోనలో. అంతకు ముందు సంవత్సరం నాకు రొమ్ములో గడ్డ తేలితే వేలూరు పోయి ఆపరేషను చేయించుకున్నాను. చెడ్డ గడ్డే. టైముకు తీసేశారు కాబట్టి బతికాను. నన్ను లోపలికి తీసుకుపోయాక మా అత్త ఆస్పత్రి వరండాలో కూర్చుని మొక్కేసుకుంది. పిల్ల బతికి బయటికొస్తే, ఏడిళ్లలో అది తన చేతులతో అడుక్కొచ్చిన బియ్యంతో కోన మొదటి మెట్టు దగ్గర తళిగ వేయిస్తానని. కోన అంటే అడవిలో ఒక జలపాతం. దారి ఆగిపోయిన చోట నామం చెక్కిన బండ ఒకటుంది, అదే మొదటి మెట్టు. అక్కడి నుంచి రెండు గంటల కాలిబాట. వయసులో ఉండగా అత్త ఏటా పైదాకా నడిచేది. ఇప్పుడామెకు డెబ్బై మూడు. మోకాళ్లు రెండూ అరిగిపోయాయి, షుగరు కూడా ఉంది. ఆ బండ దాకా అయినా పోయి మొక్కు తీర్చకపోతే తన కండ్లు మూతపడవని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తోంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచిన మనిషి ఆమె. కాదనలేను.

అడుక్కోవడం దగ్గరే నేను తప్పు చేశాను. మాది నలభై ఇళ్ల అపార్ట్‌మెంటు. నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. నా దగ్గర చదివే పిల్లల తల్లులే ముగ్గురున్నారు అక్కడ. నా జబ్బు సంగతి ఒక్కరికీ చెప్పలేదు. చెంబు పట్టుకుని నిలబడితే మొదట అడిగే మాటే "ఎవరికి మొక్కు? దేనికి?" అని. శుక్రవారం సాయంత్రం లిఫ్టులో రెండో అంతస్తుకు పోయి, ఒక ఇంటి బెల్లు మీద వేలు పెట్టాను. నొక్కలేదు. తిరిగొచ్చి, అత్త స్నానానికి పోయింది చూసి, డ్రమ్ములోంచి మా బియ్యమే చెంబులోకి పోశాను. అన్నీ ఒకే రకమైతే అనుమానం వస్తుందని, దోసెలకు దాచిన రేషను స్టోరు బియ్యం రెండు పిడికిళ్లు, పొంగలికి తెచ్చిన కొత్త బియ్యం ఒక పిడికెడు కలిపాను. ఆ తెలివికి నన్ను చెప్పుతో కొట్టాలి. అత్త వచ్చి చెంబులో చేయి పెట్టి, "సూడు పాపా, ఒకరు సన్నబియ్యం ఏసినారు, ఒకరు స్టోరు బియ్యం ఏసినారు. ఎవురి దగ్గర ఉండేది వాళ్లు ఏసినారు. అందరూ సల్లగుండనీ" అని చెంబును కండ్లకద్దుకుంది. నేను వంటింట్లోకి పోయి ఊరికే కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

శనివారం తెల్లవారాక బయలుదేరాం. మా ఆయనకు శ్రీ సిటీలో శనివారం కూడా షిఫ్టే, కాబట్టి స్టీరింగు నాదే. కారు వెనక గ్యాసు స్టవ్వు, గిన్నెలు, కూరగాయలు, బెల్లం, అరిటాకులు. అత్త ఒడిలో చెంబు. ఎక్కే ముందు, రోజూ అలవాటే కదా, షుగరు మాత్ర ఆమె చేతిలో పెట్టి గ్లాసుతో నీళ్లిచ్చాను. ఆమె కూడా గుటుక్కున మింగేసింది. మాత్ర తిండి కిందికి రాదు కాబట్టి ఒక్కపొద్దు చెడదు. ఆ మాత్ర వేసుకుంటే అరగంటలో ఏదైనా తినాలన్న సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

భాకరాపేట కనుమ దాటేదాకా అంతా బాగుంది. ఆ తరువాత మలుపు తిరిగి, చివరి పెద్ద ఊరు దాటాక తారు అయిపోయింది. అయిపోయింది అంటే, కత్తిరించినట్టు అక్కడికి ఆగిపోయింది. అవతల కంకర పోసి, దాన్ని తొక్కించకుండానే కాంట్రాక్టరు ఇంటికి పోయినట్టున్నాడు. కంకర దాటితే గుంత, గుంత దాటితే బండ, బండ దాటితే వానకు కోసుకుపోయిన ఎర్రమట్టి. రెండో గేరు వేస్తే కారు మూలుగుతుంది, మొదటి గేరు వేస్తే ఏడుస్తుంది. కింద రాయి తగిలిన ప్రతిసారీ నా వెన్నుపూసలో తగిలినట్టే ఉంది. ఫోన్లో మ్యాపు చెప్పే ఆడగొంతు ఒక చెట్టు ముందు "మీరు చేరుకున్నారు" అని ప్రకటించి, సిగ్నలు పోయి నోరు మూసుకుంది.

మా అత్త మాత్రం నోరు మూయలేదు. ప్రతి మలుపుకూ ఒక గోవింద. ప్రతి గుంతకూ ఒక సలహా.

"ఎడం పక్కకి తిప్పు పాపా."

"ఎడం పక్క లోయ ఉండాది అత్తా."

"అయితే కుడి పక్కకి తిప్పు."

"కుడి పక్క కొండ ఉండాది."

"అయితే నడాన పో. ఆపొద్దు. మా కాలంలో ఎద్దులబండ్లు పోయేవి ఈ దావన."

"ఎద్దులకి మెదడుండేది అత్తా, వచ్చే ముందే ఆలోచించుకోనుంటాయి. గమ్మునుండు రొంతసేపు."

గమ్మున ఉండటం ఆమె జాతకంలో లేదు. బండ దాకా ఇంకెంత దూరమని దారిలో ముగ్గురిని అడిగాను. మేకలు తోలుకుపోతున్నాయన "ఇదో, ఈడే" అన్నాడు. అరగంట తరువాత కట్టెల మోపు నెత్తిన పెట్టుకున్నామె "ఇదో, ఈడే" అంది. మూడో మనిషి నోటితో కూడా చెప్పలేదు, గడ్డం ముందుకు ఎత్తి చూపించి పోయాడు. మా సీమలో దూరం అడిగితే నిజం చెప్పడం మర్యాద కాదని అనుకుంటారో ఏమో నాకు తెలియదు.

సరిగ్గా ఒక బండి మాత్రమే పట్టే చోట ఎదురుగా జీపు వచ్చింది. లోపల చెన్నై నుంచి వచ్చిన పిల్లలు, పెద్ద పెద్ద బూట్లు, వీపున మూటలు, చేతుల్లో కర్రలు. జీపు డ్రైవరు తల బయటికి పెట్టి, "అక్కా, కొంచెం రివర్సు పోండక్కా" అన్నాడు. ఎక్కే బండికి దారివ్వాలని ఇతనికి ఎవరూ చెప్పలేదా అని అరిచాను. "చెప్పినారక్కా, కానీ నా ఎనకాల ఇంకో రెండు బండ్లుండాయి" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండిపోయింది. లోయ పక్కన, కంకర మీద, మెడ వెనక్కి తిప్పుకుని ఏడు నిమిషాలు వెనక్కి నడిపాను. మా అత్త కిటికీలోంచి ఆ పిల్లల్ని తేరిపార చూసి, "వీళ్లకేం మొక్కుబడి పాపా?" అంది.

"మొక్కూ లేదు, గిక్కూ లేదు. ఊరికే నడస్తారంట."

"డబ్బులిచ్చుకోనా?"

"డబ్బులిచ్చుకోనే."

"అయ్యో పాపం" అని ఆమె నిజంగానే జాలిపడింది.

పదిన్నర అవుతుండగా ఒక పల్లె వచ్చింది. పది పన్నెండు ఇళ్లు. అది దాటి అర కిలోమీటరు పోతే వంక. మోకాలి లోతు కూడా లేని నీళ్లే, కానీ కింద గుండ్లు. సగం దాటాక కారు కడుపు ఒక గుండు మీద కూర్చుంది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలదు. దిగి, చీర ఎగ్గట్టి, చక్రాల కింద రాళ్లు పేర్చాను. మళ్లీ ఎక్కి నొక్కాను. రాళ్లు ఎగిరిపోయాయి. మళ్లీ దిగాను. ఆ దారిని, దాని మీద కాగితాల్లో సంతకం పెట్టినవాణ్ని, మొక్కులు కనిపెట్టినవాణ్ని, పేరుపేరునా తిట్టుకుంటూ ఇరవై నిమిషాలు రాళ్లు మోశాను. అప్పటికి గమనించాను, లోపలి నుంచి సలహాలు రావడం లేదు.

తలుపు తీశాను. అత్త రవిక చెమటకు తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. చెంబును మాత్రం వదల్లేదు. నన్ను చూసి, "బస్సు యాడిదాకా వచ్చినాది?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది మాత్ర. నా చేతులతో ఇచ్చిన మాత్ర. పరగడుపున, నాలుగున్నర గంటల కిందట. షుగరు పడిపోతే ఇలాగే అవుతుందని, వెంటనే తీపి తినిపించకపోతే స్పృహ తప్పుతుందని డాక్టరు నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. సంచి విప్పి బెల్లం గడ్డ పగలగొట్టి ఆమె నోటి దగ్గర పెట్టాను. పళ్లు బిగించేసింది.

"తళిగ ఏసేదాకా ముట్టను."

"అత్తా, నీకు షుగరు పడిపోయినాది. రొంత నోట్లో పెట్టుకో, నీకు దండం పెడతా."

"నీ మొక్కు పాపా ఇది. నేను తింటే నీకు కీడు."

"బండ దాకా ఇంకా దూరముండాది. ఈడనే ఏసేద్దాం తళిగ. సామి ఈడ లేడా?"

తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడంలో కూడా పట్టు లేదు, మెడ ఒక పక్కకు వాలుతోంది. చుట్టుపక్కల ఒక్క మనిషి లేడు, ఫోను పనిచేయదు, కారు కదలదు. బతిమాలాను, తిట్టాను, దవడలు పట్టుకుని విడదీయబోయాను. అంత వణుకులోనూ నా చేయి నెట్టేసింది. ఇంక నా దగ్గర మిగిలింది ఒకటే.

"అత్తా, ఆ బియ్యం అడుక్కోనొచ్చింది కాదు" అన్నాను. "మనింటి బియ్యమే. నేను ఒక్క ఇంటికీ పోలేదు. అబద్దం చెప్పినా. అందుకని ఈపొద్దు తళిగా లేదు, ఒక్కపొద్దూ లేదు. ఇంక నువ్వు తినచ్చు. తిను."

ఎంత అర్థమయిందో తెలియదు. చెంబులోకి చూసింది. బియ్యంలో వేలు తిప్పింది. ఆ తరువాత నా మొహంలోకి చూసి, చిన్నపిల్ల లాగా నోరు తెరిచింది. బెల్లం పెట్టాను. కొంచెం నీళ్లు తాగించి మళ్లీ పెట్టాను. అరటిపండు పిసికి పెట్టాను. పావుగంటకు వణుకు తగ్గింది, చూపు నిలబడింది. ఆమెను దింపి గట్టు మీద నీడలో కూర్చోబెట్టి, ఇంకో రెండు పండ్లు తినిపించాను. ఇప్పుడు తిడుతుంది, తిట్టనీ, పొద్దు పోయేదాకా తిట్టనీ అని కాసుకుని కూర్చున్నాను.

తిట్టలేదు. చెంబు వంచి బియ్యమంతా బండరాయి మీద పిట్టలకు పోసింది. ఖాళీ చెంబు నీళ్లతో కడిగి, కొంగుతో తుడిచింది.

"వేలూరు ఆస్పత్రిలో నేను నర్సమ్మల్ని అడుక్కున్నా, డాక్టర్ని అడుక్కున్నా, నేల తుడిచేదాన్ని పట్టుకోని అడుక్కున్నా, మా పాపను కాపాడండని. సామి నామాలు నోటికి ఎన్నొస్తే అన్ని పేర్లతో అడుక్కున్నా. సిగ్గనిపించలేదు నాకు" అంది. "నీ పానం నేను అడుక్కోని తెచ్చినా. పిడికెడు బియ్యం అడుక్కోను నీకు సిగ్గయినాదా?"

ఆమె చెంబు నా చేతిలో పెట్టింది.

"ఎనక పల్లె ఉండాది గదా. పో. చెప్పులు ఈడ ఇడిసిపెట్టి పో. నాకేం కాదులే, ఈడనే కూర్చోనుంటా. ఎండ ముదరకముందే బిన్నా రా."

అర కిలోమీటరు. కారులో పోతూ తిట్టుకున్న కంకరే, ఇప్పుడు ఒట్టి పాదాల కింద. ప్రతి రాయీ తగిలింది. ఆగి ఆగి నడిచాను.

మొదటి ఇంటి ముందు ఒకామె కూర్చుని చెనక్కాయలు వొలుస్తోంది. వయసులో నా కన్నా చిన్నది. ఆమె ముందు చెంబు పట్టుకుని నిలబడ్డాను. చేట పక్కన పెట్టి, నా మట్టి చీరను, కాళ్లను, చెంబు మీద నామాన్ని చూసింది.

"ఏమక్కా, అట్ల మూగదాని మాదిరి నిలబడుకుంటే బియ్యం యట్ల ఏసేది? సామి పేరు పలుకు" అంది.

"గోవిందా" అన్నాను. మళ్లీ గట్టిగా అన్నాను.

లోపలికి పోయి చేతులు కడుక్కుని, దోసిలి నిండా బియ్యం తెచ్చి చెంబులో పోస్తూ అడిగింది, "ఎవురికి మొక్కుబడి?"

"నాకే" అన్నాను. "గడ్డ లేసినాది. కోసి తీసేసినారు. బతికినా."