తంబాకు సంచితో యుద్ధానికి

రెండో ప్రపంచ యుద్ధంలో విషవాయువు వదిలిన నిజామాబాద్ వాసిని నేనొక్కడినే. అదీ ఒక్క శత్రువు మీదే కాదు, శత్రువు మీదా సొంత సైన్యం మీదా సమానంగా వదిలాను. ఈ సంగతి చరిత్ర పుస్తకాల్లో లేదంటే, అవి రాసినవాళ్ళెవరూ ఆ శనివారం ఖాదర్ భాయ్ నెట్ సెంటర్‌లో కూర్చుని తుమ్మలేదు కనుక. తుమ్మిన పదిమందీ బయటికి చెప్పుకోరు. నలభై దాటాక సిగ్గు కూడా జుట్టులాగే పలచబడుతుంది కాబట్టి నేనే చెబుతున్నాను.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో ఏడు. కాలేజీ రికార్డుల్లో నా పేరు సాయిలు. ఖాదర్ భాయ్ కంప్యూటర్లలో మాత్రం మేజర్ సాయిలు. ఆ సెంటర్‌లో ఐదు కంప్యూటర్లు ఈ గోడకు, ఐదు ఆ గోడకు ఉండేవి. అన్నిటికీ కలిపి వైరు లాగి, అందులో ఒక యుద్ధం ఆట ఎక్కించాడు ఖాదర్ భాయ్. కందకాలు, ట్యాంకులు, కూలిపోయిన చర్చీలు, మంచు. మంచును మాలో ఎవరూ అప్పటికి ఐస్‌క్రీం బండిలో తప్ప చూడలేదు. అయినా ఆ మంచులో పాకుతూ జర్మనీ సైన్యాన్ని తరిమికొట్టడం మా వీధివాళ్ళ బాధ్యత అని మాకు గట్టి నమ్మకం.

జర్మనీ సైన్యం ప్రతి శనివారం బోధన్ నుంచి పదింటి బస్సులో వచ్చేది. ఐదుగురు. వాళ్ళ కెప్టెన్ నర్సింగ్, చెరుకు రైతు కొడుకు. సొంత గానుగలో వండిన బెల్లం ముక్కలు జేబులో పోసుకుని వచ్చి, ఆట ఆడినంతసేపూ కొరుకుతూనే ఉండేవాడు. "బెల్లం తింటె గురి తప్పదన్నా" అని నాకు శాస్త్రం చెప్పేవాడు. అది నిజమేనేమో, మూడు శనివారాలు వరసగా మేమే ఓడిపోయాం. నాలుగోసారి కూడా ఓడితే మేజర్ పదవి గంగాధర్‌కి ఇచ్చేయాలని మా సైన్యంలో తీర్మానం అయింది. గంగాధర్ నా ప్రాణ స్నేహితుడు, తీర్మానం పెట్టింది కూడా అతనే.

ఇక ఇంటి సంగతి. మా అవ్వ బీడీలు చేసేది. అవ్వ అంటే అమ్మే, మా వైపు అలాగే పిలుస్తాం. ఏడేళ్ళుగా చేస్తున్నా ఆమె పేరు మీద కార్డు లేదు. వేరే ఆమె కార్డు మీద చేసి ఇచ్చేది. కార్డు ఉంటేనే బీడీల దవాఖానాలో చూస్తారు, ముసలితనానికి నాలుగు పైసలు జమవుతాయి. కార్ఖానా తరఫున ఆకూ తంబాకూ ఇచ్చి, చేసిన బీడీలు చూసి తీసుకునే టేకేదార్ చివరికి ఆ వారం ఒక మాటిచ్చాడు.

"లక్ష్మక్కా, ఈ వారం మాలు ఒక్క బీడీ గూడ వాపస్ రావద్దు. సోమవారం నేనే సూస్త. మంచిగుంటె నీ పేరు కార్డుకు పంపిస్త. లేకుంటె మల్ల వచ్చే ఏడాదే."

అవ్వ ఆ రోజు నుంచి బీడీలను పసిపిల్లల్లా చూసుకుంది. శనివారం పొద్దున ఆకు నానబెట్టి, తడి గోనెపట్టలో చుట్టి పెట్టి, ఆఖరి విడత తంబాకు తెమ్మని నన్ను పంపింది.

"సక్కగ పో, సక్కగ రా. మధ్యల యాడ ఆగకు బిడ్డా. ఆకు ఎండుతది."

"యాడ ఆగుత అవ్వా? నాకేం పని?" అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు నా గొంతు ఎంత వినయంగా ఉంటుందో మీరు వినాల్సింది.

తంబాకు తీసుకున్నాను. బీడీ తంబాకు చూడనివాళ్ళకు ఒక మాట: అది రవ్వలా దంచిన పొడి, దాని అడుగున పిండిలాంటి దుమ్ము. సంచి మూతి గట్టిగా కట్టకపోతే కట్టినవాడి ముక్కే ముందు చెబుతుంది. నేను ఒక్క ముడి వేశాను. రెండో ముడి వేసే తీరిక లేదు, ఎందుకంటే బోధన్ బస్సు అప్పటికే వచ్చేసింది. కార్ఖానాకూ మా ఇంటికీ మధ్యలోనే ఖాదర్ భాయ్ సెంటర్ ఉండటం నా తప్పు కాదని ఇప్పటికీ అంటాను.

అడుగు పెట్టేసరికి నర్సింగ్ బెల్లం కొరుకుతూ ఉన్నాడు.

"ఏందన్నా, సంచిల ఏం దెచ్చినవ్? సద్దియా?"

"సామాన్లు" అన్నాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మా అవ్వ బీడీలు చేస్తుందని నేను మా సైన్యంలో ఎవరికీ చెప్పలేదు. అవ్వ కంపెనీలో పనిచేస్తుందని చెప్పేవాడిని. అంతకన్నా ఘోరం, బీడీలు చుట్టడం నాకూ వచ్చు. తలుపు వేసుకుని, అవ్వ పక్కన కూర్చుని, గోటితో మూతి మడిచేవాడిని. ఆడవాళ్ళ పని చేస్తానని తెలిస్తే మేజర్ పరువు ఏం కావాలి? అందుకే సంచిని ఎవరికీ కనపడకుండా బల్ల కింద నా కాళ్ళ మధ్య పెట్టుకున్నాను.

మే నెల. ఖాదర్ భాయ్ దగ్గర ఒకే కూలర్, ఏనుగంత ఉండేది. నేను సేనాపతిని కదా, దర్జాగా ఆజ్ఞ ఇచ్చాను.

"ఖాదర్ భాయ్, కూలర్ జర నా దిక్కు తిప్పు."

"మేజర్ సాబ్‌కు గర్మి అవుతుందట!" అంటూ ఆయన కూలర్‌ను తెచ్చి సరిగ్గా నా కాళ్ళ పక్కన నిలబెట్టాడు. గాలి బల్ల కింద నుంచి దూసుకుపోతోంది. ఆహా, ఏం హాయి!

యుద్ధం మొదలైంది. ఆ రోజు నాకేమైందో, చెయ్యి పెడితే తగులుతోంది. నర్సింగ్ మనుషులు ఇద్దరు చర్చీ మెట్ల మీద పడ్డారు. ఒకడు ట్యాంకు వెనక పడ్డాడు. గంగాధర్ అరుస్తున్నాడు: "సాయిలన్నా, ఇద్దరే మిగిలిండ్రు! నర్సింగ్‌గాడు మిద్దె మీదున్నడు!"

"సూస్తున్న, సూస్తున్న!"

నేను కందకంలో కూర్చుని మిద్దె వైపు గురి పెట్టాను. సరిగ్గా అప్పుడు పైనుంచి ఒక చేతిబాంబు దొర్లుకుంటూ వచ్చి నా ముందు పడింది.

ఆటలో పడిన బాంబుకు కుర్చీలో ఎగిరే జాతి ఒకటుంది. నేను ఆ జాతివాణ్ణి. రెండు కాళ్ళూ ఒక్కసారి ఎత్తి తన్నాను. ఆటలో ఆ బాంబు పేలనే లేదు. బల్ల కింద సంచి మాత్రం ముడి ఊడి, బోర్లా పడి, నోరు తెరిచి కూలర్ ముందు నిలిచింది.

మొదటి తుమ్ము గంగాధర్‌ది. అతను నాకు ప్రాణ స్నేహితుడు అని చెప్పాను కదా, అన్నిట్లోనూ ముందుంటాడు. తర్వాత అటు గోడ, ఇటు గోడ, మళ్ళీ అటు గోడ. కీబోర్డుల మీద, తెరల మీద, తలల మీద ఎర్రటి దుమ్ము. పదిమంది సైనికులు ఆయుధాలు వదిలేసి ముక్కులు పట్టుకున్నారు.

"గ్యాస్ వదిలిండ్రు రో!" అని అరిచాడు నర్సింగ్. "గిది తొండి! గ్యాస్ ఆటల లేనే లేదు!"

"అరే, ఏమైంది బే? హాచ్! కిస్‌నే మిర్చీ జలాయా?" అంటూ గల్లా దగ్గర నుంచి ఖాదర్ భాయ్ పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు కూలర్ ఆపాలి కదా? ఎవరో మిరపకాయలు కాల్చిన పొగ అనుకుని, అది బయటికి పోవాలని ఇంకా పెంచాడు. మిగిలిన తంబాకు కూడా లేచింది.

నేనేం చేశాననుకున్నారు? నర్సింగ్ ముక్కు తుడుచుకుంటుండగా మిద్దె మీద అతన్నీ, తుమ్ముతున్న ఆ చివరివాణ్ణీ కాల్చేశాను. మేము గెలిచాం. "గెలిచినం!" అని అరిచి తుమ్మాను. వెనక్కి తిరిగితే, ఆకు ఎండుతోందని నన్ను వెతుక్కుంటూ వచ్చిన మా అవ్వ తలుపు దగ్గర నిలబడి ఉంది.

ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు. నేను రచ్చ గెలిచిన క్షణంలోనే ఇల్లు ఓడిపోయాను.

అవ్వ తిట్టలేదు. ఖాళీ సంచి చూసింది, కీబోర్డులు చూసింది, నన్ను చూసింది. "నా కార్డు" అంది. అంతే. బెర్లిన్ పోతే మళ్ళీ పట్టుకోవచ్చు, అవ్వ ఏడేళ్ళు ఎదురుచూసిన కార్డును నేను కాలితో తన్నాను. ఏడుపొచ్చింది, కానీ తుమ్ముల్లో అది ఎవరికీ తెలియలేదు.

అవ్వ కొంగు నడుముకు చుట్టింది. "ఖాదరన్నా, జల్లెడ ఉన్నదా?"

"ఇంట్ల ఉంది లక్ష్మక్కా. తెప్పిస్త."

"ఆ గాలి బంద్ జెయ్యి. పిల్లలూ, ఎవ్వరు కదలకుండ్రి. తంబాకు తొక్కకుండ్రి."

రెండు దేశాల సైన్యాలూ బొమ్మల్లా నిలబడ్డాయి. తర్వాత ఆమె ఆజ్ఞ ప్రకారం పది కీబోర్డులూ ఒక్కొక్కటిగా బోర్లించి, వీపు మీద తట్టి, పాత దినపత్రిక మీద రాల్చాం. బల్లలు, కుర్చీలు, గంగాధర్ తల, అన్నీ దులిపాం. నర్సింగ్ బెల్లం నములుతూనే తన కీబోర్డును అందరికన్నా శ్రద్ధగా, మూల మూలకూ తట్టి దులిపాడు. పాపం, శత్రువైనా మంచివాడు. జల్లెడ పట్టి చూస్తే తంబాకు చాలావరకు దక్కింది.

కానీ పొద్దు పోయింది. నానబెట్టిన ఆకు ఎండితే చిట్లుతుంది. ఒక్క మనిషి చేతితో అయ్యే పని కాదు.

అవ్వ మా అందరి ముఖాలూ చూసి అడిగింది: "మీల ఎవరికన్న బీడీలు చేసుడు వస్తదా?"

నేను నేల చూశాను. తర్వాత గంగాధర్ చెయ్యి మెల్లగా లేచింది. వాడి పక్కవాడి చెయ్యి లేచింది. ఆ పక్కవాడిది. చివరికి నాది. మా సైన్యం ఐదుగురూ!

"నీకు గూడనా?" అన్నాను గంగాధర్‌తో. "మీ అవ్వ కంపెనీల పని చేస్తదన్నవ్ గదరా?"

"మీ అవ్వ గూడ గదే కంపెనీ అన్నవ్" అన్నాడు వాడు.

రెండేళ్ళు ఒకే కందకంలో పడుకున్నాం, ఒకడి గోరు ఒకడు చూసుకోలేదు.

ఆ రోజూ మర్నాడూ మా ఇంట్లో ఐదుగురం చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. అవ్వ జనరల్. "మెల్లగ, మెల్లగ. గట్టిగ ఒత్తకు, దమ్ము రాదు" అంటూ తిరిగింది. గంగాధర్ నాకన్నా వేగంగా చుట్టాడని ఒప్పుకోవడం ఇన్నేళ్ళకు కుదిరింది.

సోమవారం నేనూ అవ్వతో వెళ్ళాను. టేకేదార్ కట్టలు తిప్పి చూశాడు. మడతలు చూశాడు, దారాలు చూశాడు. ఒక్కటీ పక్కకు పెట్టలేదు. నా ప్రాణం కుదుటపడుతుండగా, మధ్య కట్టలోంచి ఒక బీడీ లాగి వెలిగించాడు. ఒక దమ్ము పీల్చి ఆగిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. ఇంకో దమ్ము.

కీబోర్డులో ఏమేం ఉంటాయో నాకు తెలుసు కనుక నేను గోడ పట్టుకున్నాను.

"లక్ష్మక్కా" అన్నాడు, "గిదేంది? జర తియ్యగున్నది."

అవ్వ నా వైపు తిరిగింది. ఇద్దరికీ ఒకేసారి వెలిగింది: నర్సింగ్ కీబోర్డు! మూడు శనివారాల బెల్లం పొడి!

"నీ తంబాకే సేటూ" అంది అవ్వ, ముఖంలో గీత కదలకుండా. "నా చెయ్యి అసొంటిది."

"మస్తున్నది. కార్డుకు నీ పేరు పంపిస్త. గని ఒక్క మాట. వచ్చే వారం సంది నీ మాలు గిట్లనే ఉండాలె. తేడా వచ్చిందా, పేరు వాపస్ తెప్పిస్త."

బయటికొచ్చాక అవ్వ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ వారం కిరాణా బెల్లం చిటికెడు కలిపి చూసింది. టేకేదార్ ఒక దమ్ము పీల్చి, "పోయినసారి రుచి లేదక్కా" అని ముఖం ముడిచాడు. అవ్వ ఇంటికొచ్చి ఒకే మాట అంది.

"ఆ బోధన్ పిలగాని బెల్లమే కావాలె. తే."

శనివారం నర్సింగ్ ముందు నిలబడ్డాను. విషయం అంతా విన్నాడు. జేబులోంచి ఒక ముక్క తీసి కొరికి, తాపీగా నమిలాడు.

"ఇస్త అన్నా. వారం వారం తెచ్చిస్త. పైసలు వద్దు."

"మరి?"

"మీరు ఓడిపోవాలె."

కార్డు వచ్చేదాకా పదకొండు నెలలు పట్టింది. పదకొండు నెలలు, ప్రతి శనివారం, నేను కందకంలోంచి లేచి నిలబడి నర్సింగ్ మిద్దె వైపు ఛాతీ చూపించాను. మేజర్ పదవి మొదటి నెలలోనే గంగాధర్‌కి పోయింది. ఆ యుద్ధంలో జర్మనీయే గెలిచిందని బోధన్‌లో ఒక తరం ఇప్పటికీ నమ్ముతుంది. అవ్వ మాత్రం కార్డు చేతికి రాగానే కళ్ళకు అద్దుకుని, "బెల్లం పిలగాడు మంచోడురా, ఉత్తగనే ఇచ్చిండు" అంది. ఉత్తినే! అందుకోసం ఆమె కొడుకు ఎన్నిసార్లు చచ్చాడో ఆమెకు ఈ రోజుకీ తెలియదు.

కాబట్టి ఖాదర్ భాయ్ కూలర్ సాక్షిగా, గంగాధర్ ముక్కు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో తంబాకు సంచితో ఏ యుద్ధానికీ వెళ్ళను. తప్పనిసరై వెళ్ళాల్సివస్తే రెండు ముళ్ళు వేస్తాను.