లైను లేని నీళ్లు

మొన్న పింఛను పని మీద బ్యాంకుకు పోతే తలుపు పక్కనే ఒక మిషను పెట్టి ఉంది. దాని మీద వేలితో నొక్కితే ఒక చీటీ వచ్చింది, ఆ చీటీ మీద నా నంబరు. దాన్ని పట్టుకుని చల్లటి గదిలో ఇనుప కుర్చీ మీద అరగంట కూర్చున్నాను. అటుపక్కామె, ఇటుపక్కాయన సెల్లుల్లోకి తలలు వంచుకుని ఉన్నారు. ఎవరు ముందు వచ్చారో ఎవరు వెనక వచ్చారో ఎవరికీ పట్టలేదు, గోడ మీది ఎర్ర అంకెలే ఆ సంగతంతా చూసుకుంటున్నాయి. తోపులాట లేదు, గొడవ లేదు, పని మర్యాదగా అయిపోయింది. అయినా ఏదో వెలితిగా అనిపించి, అదేమిటా అని ఆటోలో ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తే మా వదిన గుర్తుకొచ్చి నవ్వొచ్చింది. ఆమెను ఆ గదిలో అరగంట కూర్చోబెట్టి ఉంటే, లేచేసరికి అక్కడున్న వాళ్లందరి మోకాళ్ల నొప్పులూ కోడళ్ల పేర్లూ ఆమెకు తెలిసిపోయి ఉండేవి.

నా ఈడు ఆడవాళ్లకు, అందులోనూ మా అనంతపురం వైపు పుట్టి పెరిగినవాళ్లకు, లైను అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మా ఊరు బత్తలపల్లెకు నాలుగు మైళ్లు. ఊరంతటికీ నీళ్లిచ్చే బోరింగు ఒక్కటే ఉండేది, అది కూడా మనసైతే ఇచ్చేది. మా అన్నకు పెళ్లై వదిన మా ఇంటికి వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్లు, ఆమెకు పద్దెనిమిదో పంతొమ్మిదో. అత్తగారింట్లో ఆమె నేర్చుకున్న మొదటి పని బిందెను లైన్లో పెట్టడం. మనిషి నిలబడనక్కర్లేదు, బిందె నిలబడితే చాలు. బిందె లేకపోతే చెప్పు, చెప్పు లేకపోతే రాయి, ఆ రాయి ఎవరిదో అందరికీ తెలుసు. బాలింత ఇంటి బిందె, కడుపుతో ఉన్నామె బిందె ఎంత ఆలస్యంగా వచ్చినా ముందుకు పోవాలి. తక్కినవాళ్లు ఎంతటివాళ్లైనా, సర్పంచు భార్య అయినా సరే, వంతు వచ్చినప్పుడే పట్టుకోవాలి. ఈ చట్టం ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, రెండేళ్లు తిరిగేసరికల్లా దాన్ని అమలు చేసే అధికారం మా వదిన చేతికి వచ్చేసింది. తర్వాత నేను టీచరు ఉద్యోగంలో చేరినప్పుడు నలభైమంది పిల్లల్ని ఒక వరసలో ఎలా నిలబెట్టాలో నాకు ట్రైనింగులో నేర్పినవాళ్లు లేరు. నేను బోరింగు దగ్గర వదినను చూసి నేర్చుకున్నదే ముప్పై ఏళ్లు పనికొచ్చింది.

అంత అధికారం ఉన్న మనిషికి ఒకటే కోరిక ఉండేది, కొండ మీద నుంచి దూకే నీళ్లను చూడాలని. ఒకసారి మా అన్న ఆ ముచ్చట తీరుద్దామని కర్ణాటకలోని పెద్ద జలపాతానికి మా ఇద్దరినీ పిల్చుకుపోయినాడు. పాపం, ఆయనకు చేను పనుల నుంచి తీరిక దొరికింది నడి వేసవిలో. ఒక రాత్రీ ఒక పగలూ బస్సుల్లో కూర్చుని పోయి చూస్తే అక్కడ బండలున్నాయి, ఆ బండల మీద అంతో ఇంతో తడి ఉంది. వదిన కాసేపు తేరిపార చూసి, ఇంతోటి దానికి మన పెన్న ఒడ్డున నిలబడితే సరిపోయేది గదా అంది. వానాకాలంలో మళ్లీ వద్దామని మా అన్న మాటిచ్చినాడు. ఆ తర్వాత ఆయన బతికిన ఇరవై ఏళ్లూ చేనులో బోర్లు వేయించడానికే సరిపోయాయి, అవి కూడా దుమ్ము తప్ప మరొకటి ఎత్తిపోయలేదు. అన్న పోయాక వదిన ఆ సంగతి ఎత్తడం మానేసింది. కానీ మూడు నాలుగేళ్ల కిందట అనంతపురంలో నా ఇంటికి వచ్చినప్పుడు, మా వీధి మొదట్లో ఉండే టూరు ఏజెంటు పంచిన కాగితం మీద శ్రీలంక కొండల్లోని జలపాతం బొమ్మ చూసి, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకుంది. అప్పుడు నాకు అర్థమైంది, ఆ కోరిక ఎక్కడికీ పోలేదని. నేను అడిగితే ఒకటే మాట చెప్పింది.

"నీళ్లకాడ నిలబడి నిలబడి కాళ్లరిగిపాయ పాపా. లైను లేని నీళ్లు ఒక్కతూరి సూడల్ల."

నాకు అరవై దాటినా ఆమెకు నేను ఇప్పటికీ పాపనే. సరేనని ఇద్దరం ఆ ఏజెంటుకు దుడ్లు కట్టేశాం. కట్టిన నెలకే టీవీలో ఆ దేశం గురించి చూపించడం మొదలుపెట్టారు. ఖజానా ఖాళీ అయిందట, నూనె ఓడలకు కట్టడానికి డబ్బు లేదట, పెట్రోలుకు లైను, గ్యాసుకు లైను, పాలపొడికి లైను. మాతోపాటు రావాల్సిన పద్దెనిమిది మందీ మానుకున్నారు. మా వాళ్లంతా ఫోన్లు చేసి, తిండి కూడా దొరకని దేశానికి ఈ వయసులో ఎందుకమ్మా అని బతిమాలారు. నేను కొంచెం జంకిన మాట నిజమే. వదిన మాత్రం టీవీని శ్రద్ధగా చూసి, వాళ్లు లైన్లోనే కదా నిలబడి ఉండేది, అందులో భయపడేదేముంది అని రొట్టెల పిండి కలపడానికి లేచింది. జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఒక పెద్ద సంచి బొరుగులు, అదే మరమరాలు, ఇవీ మా సామాన్లు. బెంగళూరులో విమానం ఎక్కేటప్పుడు ఆ బొరుగుల సంచిని తూచినవాడు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

ఏజెంటు మా ఇద్దరికీ బస్సుకు బదులు ఒక చిన్న వ్యానూ దానికొక డ్రైవరునూ ఏర్పాటు చేశాడు. ముప్పై ఐదేళ్ల నెమ్మదస్తుడు. ఆ నెలలో అతనికి దొరికిన కిరాయి మాది ఒక్కటేనట. అతనికి కొంచెం తమిళం, కొంచెం ఇంగ్లీషు వచ్చు, నాకూ అంతే. వదినకు ఆ రెండూ రావు గనక ఆమెకే ఇబ్బంది లేకపోయింది, తెలుగులోనే అన్నీ మాట్లాడేసేది. మొదటిరోజే అతని ఫోనులో ఒక చిన్నపిల్ల "తాత్తా, తాత్తా" అని పిలుస్తుంటే, ఇంత చిన్న వయసుకే తాతవైపోయినావా నాయనా అని వదిన బుగ్గలు నొక్కుకుంది. వాళ్ల సింహళ భాషలో తాత్తా అంటే నాన్న అని తెలిసేదాకా ఆమె అతనికి మనవలను ఎలా పెంచాలో చెబుతూనే ఉంది.

రెండు రోజులు పల్లపు ప్రాంతాలు తిరిగాం. మూడోరోజు పొద్దున, కొండల దారి మొదలయ్యే ఒక చిన్న పట్నంలో, డ్రైవరు బండి ఆపి నెమ్మదిగా సంగతి చెప్పాడు. ట్యాంకులో ఉన్న డీజిల్ విమానాశ్రయానికి తిరిగి పోవడానికి సరిపోతుంది, కొండెక్కడానికి చాలదు. బంకు దగ్గర అరమైలు పొడుగు లైనుంది, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియదు. మా చేతిలో మిగిలింది ఆ రోజూ మర్నాడూ, ఆ పై రోజు పొద్దున్నే విమానం. ఇక వెనక్కి పోదామా అని అతని ఉద్దేశం. నేను వదిన వైపు చూశాను. ఆమె అప్పటికే చెప్పులు వేసుకుని, లైను చివర ఎక్కడుందని అడుగుతోంది.

ఆ రోజంతా ట్యాంకరు రాలేదు. ఎండ మా ఊరి ఎండలో సగం కూడా లేదు గానీ ఉక్క ఎక్కువ. నేను వ్యానులో కూర్చుని విసుక్కుంటుంటే, వదిన రోడ్డుకు అవతలి వైపు చూసి ఒక్కసారిగా నా చెయ్యి పట్టుకుంది. అక్కడ గ్యాసు కొట్టు ముందు ఖాళీ సిలిండర్లు వరసగా నిలబెట్టి, చెవుల్లోంచి తాడు దూర్చి కట్టి ఉన్నాయి. వాటి మనుషులు మాత్రం చెట్టు నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మన బిందెలే గదా ఇవి అని ఆమె ముఖం విప్పారిపోయింది. నేను వద్దంటున్నా వినకుండా బొరుగుల సంచి చంకన పెట్టుకుని రోడ్డు దాటిపోయింది.

అరగంట తిరక్కుండానే అటువైపు నుంచి అరుపులు వినిపించాయి. నేనూ డ్రైవరూ పరుగెత్తి పోయి చూస్తే, తాడుకు ఇంకా కట్టని ఒక సిలిండరును నడుము మీద బిందెలాగా పెట్టుకుని వదిన లైను ముందుకు నడిచిపోతోంది, దాన్ని ఇంకోవైపు నుంచి ఒక కళ్లద్దాలామె పట్టుకుని లాగుతోంది, చుట్టూ పదిమంది ఒకేసారి మాట్లాడుతున్నారు. ఇండియావాళ్లు వచ్చి మా గ్యాసు కూడా ఎత్తుకుపోతున్నారా అంటున్నారని డ్రైవరు నా చెవిలో చెప్పాడు. వదిన బెదరలేదు. లైను చివర గట్టు మీద కూర్చున్న ఒక కడుపుతో ఉన్న పిల్లను వేలితో చూపించి, తన పొట్ట మీద చేత్తో పెద్దగా గుండ్రం గీసి, ఆ పిల్ల సిలిండరును తీసుకుపోయి అందరికంటే ముందు పెట్టింది. అది చూసి మొదటి స్థానంలో ఉన్న ముసలామె నవ్వి, తన సిలిండరును తానే ఒక జానెడు వెనక్కి జరుపుకుంది. అంతే, ఆ సాయంత్రానికి బొరుగుల సంచి సగం ఖాళీ అయిపోయింది. వాళ్లూ అక్కను అక్క అనే అంటారు గనక, చీకటి పడి మేము బసకు పోయేవేళకు వదిన ఆ వీధి మొత్తానికీ అక్క అయిపోయింది.

మర్నాడు పదిగంటలకు ట్యాంకరు వచ్చింది. మా ముందు అరవై బండ్లు. డీజిల్ అందరికీ చాలకపోవచ్చని బంకువాళ్లు ముందే చెప్పేశారు. డ్రైవరు పరుగున వచ్చి, విదేశాల నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు పాస్‌పోర్టు చూపిస్తే ముందు పోస్తున్నారని చెప్పాడు. నేను ఆనందంగా సంచిలోంచి పాస్‌పోర్టులు తీశాను. వదిన నా చేతిలోంచి వాటిని తీసుకుని మళ్లీ సంచిలో పెట్టేసింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"ఈ దేశానికి మళ్లీ వస్తామా మనం? డీజిల్ అయిపోతే ఇక నువ్వు ఆ నీళ్లు చూసేది లేదు వదినా."

"సూడకపోతే సచ్చిపోతానా పాపా? ముందరుండే లారీలో కూరగాయలుండాయి. ఆ బస్సు తోలే ఆయప్ప ఇంటికి పోయి మూడు దినాలైందంట. మనం సూసిపోయేదానికి వచ్చినోళ్లం. సూసేవాళ్లు ముందు, బతికేవాళ్లు యెనకనా?"

నా కోపం ఇంకా పెరిగింది. ఆమె చూడకపోతే పోయేది ఆమె ముచ్చటే, నాకేమిటి అనుకున్నాను గానీ, అది ఆమె ఒక్కదాని ముచ్చట కాదు, మా అన్న ఇచ్చి తీర్చలేకపోయిన మాట. డ్రైవరు ఇంజను వేస్తే డీజిల్ కాలుతుందని బండిని చేత్తోనే తోస్తుంటే, నేనూ కోపంగానే వెనక నుంచి తోశాను. మధ్యాహ్నం రెండుకు మా వంతు వచ్చింది, డీజిల్ దొరికింది. మా వెనక ఇంకో ఏడు బండ్లకు పోసి అయిపోయిందని బోర్డు తగిలించేశారు.

తేయాకు తోటల మధ్య మలుపులు తిరుగుతూ పైకి పోతుంటే, కనిపించకముందే నీళ్ల చప్పుడు వినిపించింది. ఆ సంవత్సరం చూడవచ్చేవాళ్లే లేరు గనక అంగళ్లన్నీ మూసి ఉన్నాయి, మేము ముగ్గురమే ఉన్నాం. డ్రైవరు చెయ్యి పట్టుకుని వదిన రాళ్ల మీదుగా దిగి, తుంపర్లు పడేచోట నిలబడింది. అంత ఎత్తు నుంచి, అంత వెడల్పున, ఎవరినీ అడక్కుండా నీళ్లు పడిపోతున్నాయి. ఆమె చీరంతా తడిసిపోయింది. దోసిలితో పట్టి తాగింది, నెత్తిన పోసుకుంది, నా మీద కూడా చల్లింది. ఆ పైన కళ్లు తుడుచుకుంటూ, మీ అన్న వచ్చింటే ఈడ గూడా బోరు పాయింటు ఎతుకుతాండె అంది. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వి నవ్వి ఏడ్చేశాం. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

పావుగంట అయిందో లేదో, వదిన అటూ ఇటూ చూడ్డం మొదలుపెట్టింది.

"పోదాం పా పాపా. నీళ్లు బాగుండాయి. మాట్లాడేదానికే ఎవురూ లేరు. ఆ లైన్లోనే బాగుండె."

నలభై ఏళ్ల కోరిక పావుగంటలో తీరిపోతే ఏమనాలి? తిరిగి వచ్చే దారిలో గ్యాసు కొట్టు దగ్గర బండి ఆపించి దిగింది. లైను ఇంకా ఉంది. చేతులు తిప్పుతూ, చీర కొంగు పిండి చూపిస్తూ, నీళ్లు ఎలా పడుతున్నాయో వాళ్లకు తెలుగులో వర్ణించి చెప్పింది. అంత దగ్గర్లో ఉండి కూడా వాళ్లలో సగం మంది దాన్ని ఎప్పుడూ చూడలేదట, నోళ్లు తెరుచుకుని విన్నారు. మిగిలిన బొరుగులు అక్కడే అయిపోయాయి.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటింటికీ కొళాయి వచ్చింది. నీళ్ల కోసం చంకలు కాయలు కాసిన రోజులు మళ్లీ రావాలని కోరుకునేంత తెలివితక్కువదాన్ని కాదు నేను. ఆ లైనులో ఎండకు సొమ్మసిల్లిన బాలింతలను చూసినదాన్ని. అయినా మేము ఒకరికొకరం తెలిసింది ఆ బోరింగు దగ్గరే, ఎవరింట్లో జ్వరమో ఎవరింట్లో పొయ్యి వెలగలేదో బిందె రాకపోతే తెలిసిపోయేది, ఇప్పుడు తెలియడం లేదు. నీళ్లు వదిలే వేళకు వీధి పొడుగునా తలుపుల వెనక కొళాయిలు పారే చప్పుడే గానీ బయట మనిషి ఉండదని ఊళ్లోనే ఉంటున్న వదిన చెబుతుంది. అందుకే రోజూ ఆ వేళకు నాకు ఫోను చేస్తుంది. సమాచారం ఏమీ ఉండదు, ఏం కూర అని ఆమె అడుగుతుంది, మోకాలు ఎలా ఉందని నేను అడుగుతాను. బిందె నిండి పొర్లుతున్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తుంది. ఆమె కొళాయి కట్టేస్తుంది గానీ ఫోను పెట్టేయదు, నేనూ పెట్టేయను.