లారీల ముఖం ఎటు?

2023 చలికాలం మొదట్లో, నా రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుండగా, జంషెడ్‌పూర్‌లో ఆరు దేశాల సైనికాధికారులు అయిదు రోజులు కూర్చుని ఒక ప్లాను రాశారు. యుద్ధానికి కాదు. తూర్పు తీరాన్ని పెద్ద తుఫాను కొడితే ఆరు సైన్యాలూ కలిసి సాయం ఎలా చేర్చాలి, ఎవరి ఆసుపత్రి డేరా ఎక్కడ వెయ్యాలి, ఎవరి నీళ్ళు శుద్ధిచేసే యంత్రాలు ఏ దారిన వెళ్ళాలి అన్నదానికి. తుఫాను సామాను తీరంలోనే పెట్టుకుంటే అదీ కొట్టుకుపోతుంది. సముద్రం రాని చోట, రైలు అందే చోట పెట్టుకోవాలి. అందుకని మా ఊరు వచ్చారు.

నేను మా ఊరి స్టేషనైన టాటానగర్ యార్డులో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ని. రైళ్ళ సంగతి చెప్పడానికి ఒక మనిషి కావాలని వాళ్ళు అడిగితే నన్ను పంపారు. పనిమంతుడినని పంపారని అప్పుడు అనుకున్నాను. మా ఆఫీసులో కాగితాలు ఎక్కువ రాసే మనిషిని అయిదు రోజులు బయటికి పంపితే మిగతావాళ్ళకి విశ్రాంతి అని తర్వాత తెలిసింది. ఎవరన్నారో కూడా తెలిసింది. ఇక్కడ రాయను.

హాల్లో ప్రతి మనిషి ముందూ పేరు, జెండా ఉన్న అట్టముక్క పెట్టారు. నా ముందున్న అట్ట మీద ‘రైల్వే’ అని ఒక్క మాట. నా కుర్చీ మంచినీళ్ళ క్యాను పక్కన వేశారు. సీసాలు నింపుకోవడానికి వచ్చిన ప్రతి అధికారీ నా భుజం మీదుగా వంగేవాడు. మొదటి రోజు పదిహేడు మంది వంగారు. ఇద్దరు క్షమించమన్నారు. టీ నాకు రెండో విడతలో వచ్చేది, వాళ్ళ డ్రైవర్లతో పాటు. డ్రైవర్లతో టీ తాగడం నాకు చిన్నతనం కాదు. నన్ను అక్కడ లెక్కపెట్టడం వేరే విషయం.

అయితే ఆ హాల్లో ఒక పద్ధతి చూసి నేను ఆశ్చర్యపోయాను. దాన్ని ఆర్‌ఎఫ్‌ఐ అంటారు. సమాచారం కావాలని అడిగే ఒక పేజీ ఫారం. ఆరు దేశాల వాళ్ళు నోటి మాటల మీద పని చేస్తే గందరగోళం కాబట్టి, ఎవరికి ఏ అనుమానం వచ్చినా ఆ ఫారంలో రాసివ్వాలి. దానికి నంబరు పడుతుంది. సంబంధించిన అధికారి ఆ రోజు ముగిసేలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నేను రాసిన కాగితాలు ఎన్నో, వాటికి వచ్చిన జవాబులు ఎన్నో నాకు తెలుసు. ఇక్కడ అడిగిన ప్రతివాడికీ జవాబు. ఫారాల కట్ట ఒకటి తీసి నా సంచిలో పెట్టుకున్నాను.

మూడో రోజు అసలు సంగతి వచ్చింది. ఇలాంటి ప్లానింగులో ‘ఇంజెక్ట్’ అని ఒకటి ఉంటుంది. అంతా సజావుగా సాగుతున్నప్పుడు నిర్వాహకులు ఒక చీటీ పంపి కొత్త కష్టం తెచ్చిపెడతారు. ఆ చీటీలో బైపాస్ లైను గట్టు కొట్టుకుపోయిందని ఉంది. అంటే మా రైలు తిన్నగా తీరం వైపు మళ్ళలేదు. జంక్షన్ స్టేషన్ లోపలికి వెళ్ళి, అక్కడ ఇంజిన్ విప్పి, రెండో చివర తగిలించుకుని వెనక్కి తిరిగి పోవాలి. ప్లానింగ్ చూస్తున్న కర్నల్‌గారు మన దేశం మనిషే. మ్యాపు మీద ఎర్ర గీత చెరిపి నీలం గీత గీశారు. “ఇంజిన్ మార్పుకి ఒక గంట కలపండి,” అన్నారు. అందరూ కలిపేశారు.

నేను లేచి నిలబడ్డాను. “సర్, లారీల ముఖం ఎటు ఉంటుంది?”

హాల్లో ఎవరో నవ్వారు. ఎవరో నాకు గుర్తే.

“రావ్‌జీ, యే ఛోటీ బాత్ హై,” అన్నారు కర్నల్‌గారు, చిన్న విషయమని కొట్టిపారేస్తూ. “లారీ డ్రైవర్లు చూసుకుంటారు.”

ఈ పని తెలియనివాళ్ళ కోసం చెప్తాను. లారీలని రైలెక్కించడానికి ఫ్లాట్ వ్యాగన్లు వాడతారు. వాటికి గోడలుండవు, బల్లల్లా ఉంటాయి. సైడింగ్ అనే పక్క లైను చివర ర్యాంపు ఉంటుంది. లారీ ఆ ర్యాంపెక్కి, ఒక వ్యాగన్ మీంచి ఇంకో వ్యాగన్ మీదికి నడుచుకుంటూ చిట్టచివరికి పోయి ఆగుతుంది. దాని వెనక ఇంకోటి. అన్నిటి ముఖాలూ ఇంజిన్ వైపే. అవతలి ఊళ్ళో ఇంజిన్ వైపు చివర ర్యాంపుకి ఆనితే అన్నీ ముందుకే దిగిపోతాయి. కానీ మధ్యలో ఇంజిన్ ఒక చివర నుంచి ఇంకో చివరకి మారిందంటే, అక్కడ ర్యాంపుకి ఆనేది లారీల తోక. అప్పుడు ప్రతి లారీ రైలు పొడుగునా వెనక్కి నడిచి దిగాలి. ఒట్టి లారీ అయితే ఎలాగో దిగుతుంది. దాని వెనక ట్రైలర్ ఉంటే దిగదు. ఆ ప్లానులో నీళ్ళ యంత్రాలన్నీ ట్రైలర్ల మీదే ఉన్నాయి.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పింది కాదు. అంతకు కొన్నేళ్ళ ముందు ఒక తుఫానుకి సహాయ రైలుతో నన్ను డ్యూటీ మీద పంపారు. అక్కడ ఇదే జరిగింది. ట్రైలర్లు తోక ముందుకొచ్చి నిలబడ్డాయి. క్రేన్ తెప్పించాలి. క్రేన్ చెయ్యి లేవాలంటే పైనున్న తీగల్లో కరెంటు ఆపించాలి. దానికి అనుమతి రావాలి. పొద్దున్న చేరిన బండి మర్నాటికి గానీ దిగలేదు. కంచె అవతల ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని రోజంతా నిలబడ్డారు. ఒక ముసలామె, “నీళ్ళ బండి వచ్చిందన్నారు గదా బాబూ, నీళ్ళేవీ?” అని అడిగింది. తిరిగొచ్చి నాలుగు పేజీలు రాశాను. ఆ నాలుగు పేజీలకి ఈ రోజు దాకా జవాబు లేదు.

అందుకని ఆర్‌ఎఫ్‌ఐ రాశాను. నంబరు 41. ‘జంక్షన్‌లో ఇంజిన్ మారిన తర్వాత ట్రైలర్లు ఎలా దిగుతాయి?’ సాయంత్రం జవాబొచ్చింది. ‘నోటెడ్’. ఆ మాట అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే నంబరు 42 ఇచ్చాను. ‘41కి జవాబు అవునా, కాదా?’

ఆ ఫారాల బల్ల చూసే అధికారి ఎలెన్ అనే మేజర్, విదేశీయురాలు. ఆవిడే నా కుర్చీ దగ్గరికి వచ్చారు. నీళ్ళ కోసం కాదు.

“మిస్టర్ రావు, ఇది ఇంత ముఖ్యమా?”

“మీ జేబులో పెన్నులు ఇవ్వండి.”

ఆవిడ నాలుగు పెన్నులు ఇచ్చారు. స్కేలు మీద వరుసగా పెట్టి, “క్యాపు వైపు ముఖం అనుకోండి, స్కేలుని జంక్షన్ దాకా తొయ్యండి,” అన్నాను. తోశారు. “ఇప్పుడు ఇంజిన్ ఇటొచ్చింది. ఇటు లాగండి.” లాగారు. ర్యాంపుగా పెట్టిన నా కళ్ళజోడు పెట్టె దగ్గరికి పెన్నుల వెనక భాగాలు వచ్చి ఆగాయి. ఆవిడ మళ్ళీ మొదటి నుంచి తోసి చూశారు.

“కర్నల్‌కి చెప్తే సరిపోదు,” అన్నారు చివరికి. “చూపించాలి. రేపు లోడింగ్ డెమో ఉంది కదా. అడగండి.”

“అడిగితే ఒప్పుకుంటారా?”

“ఫారంలో అడిగితే ఏదో ఒకటి చెప్పి తీరాలి.”

నంబరు 43 అలా పుట్టింది. ‘రేపు ఎక్కించిన ట్రైలర్లలో ఒకదాన్ని, అదే ర్యాంపు మీంచి వెనక్కి దించి చూపగలరు.’

అయిదో రోజు మా గూడ్స్ సైడింగ్‌లో ఆరు ట్రైలర్ లారీలు వ్యాగన్లెక్కాయి. చక్కగా ఎక్కాయి, ఫొటోలు తీసుకున్నారు. అప్పుడు నేను కర్నల్‌గారితో, “ఈ ర్యాంపే తీరంలో ర్యాంపు అనుకోండి సర్. దించండి,” అన్నాను. మేజర్ ఎలెన్ దేశం డ్రైవరు, వాళ్ళలో అందరికన్నా నేర్పరి, చివర ఎక్కిన లారీని రివర్సులో పెట్టాడు. చక్రానికీ వ్యాగన్ అంచుకీ మధ్య జానెడు కూడా లేదు. ర్యాంపుకీ ఆ లారీకీ మధ్య ఒక్క వ్యాగనే ఉంది. ఆ ఒక్క వ్యాగన్ సగంలో ట్రైలర్ పక్కకి మడతపడింది. ముందుకి, వెనక్కి, మళ్ళీ ముందుకి. ముప్పావుగంట గడిచింది. ట్రైలర్ చక్రం సగం గాల్లోకి వచ్చింది. పక్కనున్న జవాన్లు చేతులడ్డం పెట్టి ఆపేశారు. అది ర్యాంపుకి అన్నిటికన్నా దగ్గరున్న లారీ. అసలు ప్లానులో దాని తర్వాత దిగాల్సినవి ఇంకా ఇరవై ఉన్నాయి.

కర్నల్‌గారు వాచీ చూసుకున్నారు. నా వైపు తిరిగి, “తో క్యా కరే, రావ్‌జీ?” అన్నారు, మరి ఏం చేద్దామని.

ఆ ప్రశ్న కోసం ముప్పై ఒక్క ఏళ్ళు ఎదురు చూశాను. గొంతు సవరించుకుని, “ఇక్కడే వెనక్కి నడిపించి ఎక్కించాలి సర్. ఇక్కడ తుఫాను లేదు, టైముంది,” అన్నాను. ఆయన తలూపారు. ఎవరో రాసుకోవడం మొదలుపెట్టారు.

పట్టాల పక్కన ఎవరో గట్టిగా నవ్వారు. పైడయ్య. మా యార్డులో పాయింట్స్‌మన్, చేతిలో జెండాలు పట్టుకుని, వ్యాగన్లని అటూ ఇటూ జరిపే షంటింగ్ చేయించే మనిషి. యార్డు దగ్గర పర్సుడీహ్ పేటలో ఉండే తెలుగువాడు.

“ఏటి పైడయ్యా, నవ్వుతున్నావు?”

“నవ్వక ఏటి సెయ్యమంటారు బాబూ? అక్కడ ఎనక్కి దిగనేని లారీ ఇక్కడ ఎనక్కి ఎక్కుతాదేటి? ఇక్కడి వ్యాగన్లేటి ఎడల్పా?”

నిజమే. అదే వ్యాగను, అదే జానెడు సందు.

“మరేం చెయ్యాలంటావు?”

“ఈ మిలట్రీ ఆళ్ళకి మడత పెట్టీ ఇనప రేంపు ఉంది గదా, ఊరికే తెచ్చి మూల పడేసినారు. దాన్ని అటు సివరన పెట్టీమనండి, ఇంజిన్ తగిలించీ వైపు. లారీలు అటునుంచి ఎక్కితే తోక ఇంజిన్ వైపు ఉంటాది. రేంపు తీసేసి ఇంజిన్ తగిలించుకోడమే. జంక్షన్‌లో ఇంజిన్ మారితే తోక కాస్తా ముఖం అయిపోద్ది.”

“ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదా!”

“మీరు అడిగినారేటి? నాకేసి సూసి మాటాడి ఏడాదైంది. డ్యూటీకి లేటని నా మీద కాయితం రాసినారు.”

“ఆ రోజు నువ్వు లేటుగా వచ్చిన మాట నిజం.”

“నిజమే. ఇదీ నిజమే.”

కర్నల్‌గారికి తెలుగు రాదు. “క్యా బోల్ రహా హై?” అని అడిగారు. నేను చెప్పకుండా ఉండొచ్చు. నా మాటగా చెప్పేసినా ఎవరికీ తెలిసేది కాదు. అలా నా మాటలు తమవిగా చెప్పుకున్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు, వాళ్ళ సరసన చేరడం ఇష్టం లేకపోయింది. “నేను చెప్పింది తప్పు సర్. ఇతను చెప్పింది రాసుకోండి,” అన్నాను.

అటు చివర కంకర గుట్ట ఉంది. ఆరు దేశాల జవాన్లు పారలు పట్టుకుని దాన్ని చదును చేశారు. డెమోకి తెచ్చినవి ఖాళీ ట్రైలర్లు కాబట్టి వాటిని విప్పి చేతులతో దించి, మళ్ళీ తగిలించి, ఇనప ర్యాంపు మీంచి ఎక్కించారు. ఇప్పుడు లారీల ముఖాలు మా ర్యాంపు వైపు ఉన్నాయి. పైడయ్య పచ్చజెండా ఊపాడు. పొద్దున్న ఒక్కటి సగం దూరం వెనక్కి రావడానికి పట్టిన సమయంలో ఆరూ ముందుకి దిగిపోయాయి. ఆఖరి లారీ దిగాక కర్నల్‌గారు పైడయ్యతో చెయ్యి కలిపారు. తర్వాత నాతో. వరుస అదే సరైనది.

సాయంత్రం ప్లాను తుది ప్రతిలో ఆ పేరా చేరింది. బండి ఎక్కించే ముందు గమ్యంలో ర్యాంపు ఎటు ఉందో, దారిలో ఇంజిన్ ఎన్నిసార్లు మారుతుందో కనుక్కుని, దాన్నిబట్టి ఏ చివర నుంచి ఎక్కించాలో తేల్చుకోవాలని. ఇంగ్లీషు నాదే. ఒక్క కామా కూడా మార్చనివ్వలేదు. కింద మాత్రం ‘సూచన: రైల్ సెల్’ అని వేశారు. వెంటనే నంబరు 58 ఇచ్చాను. ‘రైల్ సెల్ అంటే ఎవరు?’

“రావ్‌జీ, ప్లానుల్లో మనుషుల పేర్లు ఉండవు,” అన్నారు కర్నల్‌గారు, ఈసారి నవ్వుతూ.

“ప్లానులో వద్దు సర్. ఆర్‌ఎఫ్‌ఐ రిజిస్టరులో ఉండొచ్చు కదా.”

మేజర్ ఎలెన్ నంబరు 41 తెరిచారు. ‘నోటెడ్’ అన్న మాట కొట్టేశారు. ప్రశ్న అడిగినవారి గడిలో నా పూర్తి పేరు, జవాబు ఇచ్చినవారి గడిలో పైడయ్య పూర్తి పేరు, హోదాతో సహా టైపు చేశారు. ఆ రిజిస్టరు ప్రతి ఆరు దేశాలకీ వెళ్ళింది. ఆ ప్లాను ఇప్పటిదాకా తీసి వాడాల్సిన అవసరం రాలేదు, రాకూడదు. వచ్చిందా, నీళ్ళ లారీల ముఖం నీళ్ళ కోసం నిలబడ్డవాళ్ళ వైపే ఉంటుంది. నా సర్వీసులో ఇంత గట్టిగా చెప్పగలిగిన మాట ఇంకోటి లేదు.

ఆ అయిదు రోజులు నాకు నేర్పింది ఒకటుంది, చెప్పుకోవడం కాస్త కష్టమే. నా మాట వినలేదని ముప్పై ఏళ్ళు అందరి పేర్లూ గుర్తుపెట్టుకున్నవాణ్ణి, తన మాట చెప్పుకోవడానికి నా ముందు నిలబడ్డ మనిషిని ఎన్నిసార్లు దాటిపోయానో గుర్తుపెట్టుకోలేదు. మిగిలిన పద్నాలుగు నెలలూ యార్డు ఆఫీసులో నేనూ ఒక రిజిస్టరు పెట్టాను. ఎవరైనా, ఏ భాషలోనైనా ప్రశ్న రాయొచ్చు, రాయడం రాకపోతే చెప్పి రాయించొచ్చు. నంబరు పడుతుంది, ఆ రోజే రాతలో జవాబు ఉంటుంది, ‘నోటెడ్’ అన్న మాట నిషిద్ధం. మొదటి నెలలో నలభై వచ్చాయి. వాటిలో పదకొండు నా మీదే. నాలుగింటికి ‘మీరన్నది నిజం, మార్చుకుంటాను’ అని రాసి సంతకం పెట్టాను. మిగతా ఏడింటిలో వాళ్ళది తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కదానికి ఒక పేజీ రాశాను.