కారుతున్నప్పుడే కనబడుతుంది

మా అన్నయ్య రావులపాలెంలో అరటి వ్యాపారి. గెల చూసి బరువు చెప్పేస్తాడు గానీ, తన కడుపునొప్పిని మాత్రం గోళీసోడాతో సరిపెట్టేవాడు. చివరికి పుండు ముదిరి, రాజమండ్రిలో జీర్ణాశయం సగం తీసేశారు. ఇక ఇంటికి పంపుతారనుకుంటున్న పూట విరేచనం తారులా నల్లగా అయింది. ఆ వెంటనే రక్తం కక్కుకున్నాడు. నోట్లోంచి గొట్టం వేసి చూస్తే లోపలంతా రక్తపు గడ్డలే. ఎక్కణ్ణుంచి కారుతోందో తెలియలేదు.

యాంజియో చేస్తామన్నారు. అది గుండెకి కదా అన్నాను. పొట్టకీ చేస్తారట. గజ్జల దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి మందు వదిలితే, కారే చోట మందు బయటికొచ్చి తెరమీద కనబడుతుంది. అక్కడే మూసేయొచ్చు.

మొదటిసారి ఏమీ కనబడలేదు.

"ఆగిపోయిందంట మరిదిగారూ! పాలకొల్లు స్వామికి మొక్కుకున్నానండి, విన్నాడు" అంది వదిన.

డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "అప్పుడే సంతోషించకండి. మళ్ళీ మొదలవుతుంది. కారుతున్నప్పుడే కనబడుతుందండి. దొరక్కపోతే మళ్ళీ కొయ్యాలి, ఆయన తట్టుకోలేరు."

ఈ మాట వదినకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆవిడ మళ్ళీ కారకూడదని మొక్కుతూనే ఉంది. నేను అదే స్వామికి, కారేదేదో త్వరగా కారనీ అని దణ్ణం పెట్టుకున్నాను. తోడబుట్టినవాడి రక్తం కోసం కాచుక్కూర్చున్న పాపిష్టివాణ్ణి నేను.

మర్నాడు కాఫీల వేళకి మళ్ళీ కక్కాడు. వదిన గోడకి జారగిలబడి ఏడ్చింది. నాకు మాత్రం అమ్మయ్య అనిపించింది. నిజంగానే ప్రాణం తేలికపడింది. స్ట్రెచర్ పక్కన నడుస్తున్నంతసేపూ, లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసేదాకా, ఆగకూడదు, ఇంకాస్త కారాలి అనుకుంటూనే ఉన్నాను. ఈసారి కనబడింది. చిన్న తీగచుట్ట పెట్టి మూసేశారు.

కోలుకున్నాక మొక్కు తీర్చడానికి పాలకొల్లు వెళ్ళాం. వదిన పూజ పళ్ళెం అందించబోతే అన్నయ్య ఆపాడు.

"ముందు మా తమ్ముడి పేరు మీద చెయ్యండి పంతులుగారూ. ఆ రోజు నా పని అయిపోయిందనే అనుకున్నానండి. అందరూ ఏడుస్తున్నారు, వీడి మొహం ఒక్కటే తేటగా ఉంది. అది చూసే, పర్లేదు, బతుకుతాను అనుకున్నాను."

పూజారిగారు నా పేరు అడిగారు. అన్నయ్యే చెప్పాడు.